వంతుల ప్రకారం

నేను ఒక డ్యూటీ బోర్డుని. ఇప్పుడు డిపో వెనక పాత టైర్ల మధ్య పడున్నాను గానీ, ఒకప్పుడు కంట్రోలరు గది గోడ నాదే. ఏ కండక్టరు ఏ రూటుకో రోజూ నా మీద రాసేవారు, మర్నాడు తడిగుడ్డతో తుడిచేసేవారు. మొదట్లో సుద్దముక్క గీరుకుంటే ఒళ్ళు జలదరించేది. తర్వాత్తర్వాత మొద్దుబారిపోయాను.

వరహాలమ్మ అని ఒక కండక్టరుండేది. కుడిమోకాలు అరిగిపోయింది. ఇంకా కొండ రూటు తిరిగితే కాలు పనికిరాదని డాక్టరు తెగేసి చెప్పాడు. సముద్రం పక్కనుంచి పోయే చదును రూటు ఒకటుంది. రూలు ప్రకారం అది వారానికొకరికి రావాలి. నాలుగేళ్ళుగా కంట్రోలరు కామేశం గారి బావమరిదే దాన్ని ఏలుతున్నాడు.

"మోకాలెలాగుంది తల్లీ?" అనేవారు కామేశం గారు, సుద్దముక్క చేతిలో పట్టుకుని. "ఈ ఒక్క వారం ఎలాగో నెట్టుకొచ్చేయ్. నీకు కాక ఎవరికి చెప్పుకోను?"

ఆవిడ కరిగిపోయేది. "అంత పెద్దాయన అడిగాడు, అదే పదివేలు" అంటూ కుంటుకుంటూ కొండబస్సెక్కేది. ఆ ఒక్క వారం నాలుగేళ్ళు సాగింది. మనుషుల లెక్క నాకేం తెలుస్తుంది!

ఆయన కంటి ఆపరేషనుకి సెలవు పెడితే మెహరున్నీసా మేడం వచ్చింది. తల ఎత్తదు, పలకరించదు. పేర్లన్నీ వంతుల ప్రకారం రాసేది. మోకాలి సంగతి డాక్టరు కాగితంలో చూసి, వరహాలమ్మకి వరసగా ఆరు వారాలు చదును రూటే వేసింది. వాపు తగ్గింది. ఏడో వారం మనుషులు చాలక కొండ రూటు రాసింది.

"నేను మనిషినా, మానునా? ఒక్క మాటైనా అడగరా! ఇంత అన్యాయమా!" అని వరహాలమ్మ విరుచుకుపడింది.

"ఈ వారమేనండీ. చార్టులో రాశాను కదా" అంది మేడం, అయోమయంగా.

మేడం మీద ఫిర్యాదు కాగితం తయారైంది. మొదటి సంతకం వరహాలమ్మదే. మేడంని వేరే డిపోకి పంపేశారు.

కామేశం గారు తిరిగొచ్చి, "చిక్కిపోయావేం తల్లీ?" అని కొండ రూటు రాశారు. వానాకాలం వెళ్ళేసరికి ఆవిడ కాలు మడవలేకపోయింది. ఇక పనికిరాదని ఉద్యోగం నుంచి దింపేశారు.

వీడ్కోలు రోజున దండ వేస్తే ఏడ్చేసింది.

"పదహారేళ్ళ సర్వీసులో నాకు అన్యాయం జరిగింది ఒక్కసారే సార్. ఆ మేడం ఉన్నప్పుడు."

"ఊరుకో తల్లీ" అన్నారు కామేశం గారు. చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ జాగ్రత్తగా దింపారు. అందరూ చప్పట్లు కొట్టారు.