చొక్కా నాది

సుబ్బరత్నం చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునేది. అందులో వింతేం లేదు. కంకిపాడు చుట్టుపక్కల నాట్లకు దిగే ఆడవాళ్లంతా అంతే. వరి ఆకు చేతులు కోస్తుంది, ఎండ వీపు కాలుస్తుంది. కానీ గట్టెక్కగానే అందరూ విప్పేస్తారు, ఈవిడ విప్పదు. పెళ్లికైనా తిరనాళ్లకైనా ఇస్త్రీ చేసిన నీలం గళ్ల చొక్కా వేసి, మోచేతుల దాకా చేతులు మడిచి బయల్దేరేది. ఎవరన్నా నవ్వితే, "చీర ఊరంతా కడుతుందే. చొక్కా నాది," అనేది.

ఒక్కగానొక్క కూతురు సాయిశ్రీ భవానీపురం కోడలు. జబ్బు ముదిరాక తల్లిని తన దగ్గరికే తెచ్చుకుంది. సుబ్బరత్నం అక్కడే పోయింది. పెద్దకర్మ కూడా అక్కడే అనుకున్నారు.

గేటుకు ఫ్లెక్సీ కట్టాలి. ఉన్న ఫోటోలన్నిట్లోనూ చొక్కాయే. అత్తగారు సంపూర్ణమ్మ చెడ్డమనిషేం కాదు. ఫోటో చూసి, "మా వైపు చుట్టాలంతా వస్తారు కదమ్మా. పోయినావిడను చూసి నవ్వుకుంటే నీకే కష్టం," అంది. స్టూడియో అతను కంప్యూటర్లో ఏ బట్టలైనా వేస్తాడట. ఏడ్చి ఏడ్చి ఓపిక అయిపోయిన సాయిశ్రీ సరేనంది.

ఫ్లెక్సీ వచ్చింది. మెడ కింద తల్లి లేదు. మెరూన్ పట్టుచీర, జరీ అంచు, కాసులపేరు. ఎండకు కమిలిన మొహాన్ని కూడా తెల్లగా తోమేశాడు. చుట్టాలు మాత్రం మహాలక్ష్మిలా ఉందన్నారు.

పెద్దకర్మ నాడు సాయిశ్రీ చూపంతా గుమ్మం మీదే. తల్లితో ఏళ్ల తరబడి ఒక్క వరసలో వంగి నాట్లేసిన ముఠావాళ్లు వస్తామన్నారు. వాళ్లొచ్చి తన మీద పడి ఏడిస్తే గానీ గుండెలో గడ్డ కరగదనిపించింది. భోజనాలయ్యాయి. విస్తళ్లెత్తేశారు. ఒక్కరూ రాలేదు.

పొద్దువాలాక ఫోన్ మోగింది. తల్లికి ఎప్పుడూ ఎడమ పక్కన నాటే సువార్తమ్మ.

"రాలేదేం పిన్నీ?"

"రాకేమమ్మా. ఆటో మాట్లాడుకుని అందరం వచ్చాం. మీ అమ్మ కోసమని చొక్కాలేసుకునే వచ్చాం. వీధంతా తిరిగాం. ఒక్క గేటుకే ఫ్లెక్సీ ఉంది, ఎవరో షావుకారమ్మ. పట్టుచీర, మెడనిండా బంగారం. పేరు చదవడానికి మాలో చదువొచ్చినోళ్లెవరు? పరాయోళ్ల చావింటికి ఈ అవతారాలతో పోతే తరుముతారని జంకాం. నీకు ఫోన్ చేస్తే ఎత్తలా."

సాయిశ్రీ ఫోన్ పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"పూలు తెచ్చాం. వాడిపోతున్నాయని కృష్ణలో వదిలేశాం, ఏమనుకోకు. ఇంతకీ మీ ఇల్లు ఎక్కడే పాపా?"

గేటు దగ్గర గాలికి ఫ్లెక్సీ ఉబ్బుతోంది.

"అదే పిన్నీ," అంది సాయిశ్రీ. "ఆ షావుకారమ్మదే."

అవతల సువార్తమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.