చారులతకు సూది పరీక్ష

చారులత బిడ్డకు నాలుగు నెలలు. ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. పాలు కట్టుకున్నాయేమోనని వేడి గుడ్డతో కాపడం పెట్టింది. రెండు వారాలైనా తగ్గలేదు. నొప్పి కూడా లేదు. అదే ఆమెను భయపెట్టింది.

సిగ్గుపడుతూనే అత్త జానకమ్మాళ్‌తో చెప్పింది. ఆ పెద్దామె ఎండబెడుతున్న కొబ్బరి అక్కడే వదిలేసి లేచింది.

"మా చెల్లెలు వీరాయి ఇట్లనే పాలగడ్డ అని ఏడాది ఊరుకునింది. తర్వాత ఏం చేసినా దక్కలేదు. రేపే కోయంబత్తూరు పోదాం. బిడ్డనూ ఎత్తుకో."

"సూది వేస్తే బిడ్డకు పాలు ఇయ్యకూడదేమో అత్తా?"

"డాక్టరమ్మనే అడుగుదాం. ఏంటికి నువ్వే బాధపడతా ఉండావు?"

మర్నాడు పొల్లాచ్చిలో కోయంబత్తూరు బస్సెక్కారు. బిడ్డ ముందు సీటాయన తుండుగుడ్డ లాగి నవ్వుతూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టర్ అభిరామి స్కాన్ చేసింది. సన్నని సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు తీసి పరీక్షకు పంపుతానంది. పాలిచ్చే తల్లుల్లో కణాలు మామూలుగానే తేడాగా కనపడతాయని, చూసేవాళ్లు పొరబడకుండా చీటీ మీద ఆ సంగతి రాస్తానని చెప్పింది.

"పెద్ద అక్షరాలతో రాయమ్మా," అంది జానకమ్మాళ్.

చారులత కళ్లు మూసుకుంది. చీమ కుట్టినట్టయింది, అంతే. డాక్టర్ పిలిస్తే కళ్లు తెరిచింది. సిరంజిలో చిక్కటి పాలు! గడ్డ ఉన్నచోట తడిమితే మెత్తగా ఉంది. పాలు నిలిచిపోయి తిత్తి కట్టిందట. బిడ్డకు ఇప్పుడే పాలు పట్టొచ్చట. అయినా పరీక్ష ఫలితం చూడాలంది డాక్టర్.

తిరుగు బస్సులో జానకమ్మాళ్ కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరే దినకరా, పాలురా! ఉత్త పాలే!"

బస్సంతా తిరిగి చూసింది. తమిళం తప్ప రాని కండక్టరుకు పాల మాట ఒక్కటే అర్థమైంది. "ఆవు ఈనిందా అవ్వా?" అని తమిళంలో అడిగాడు. చారులత పొట్ట పట్టుకుని నవ్వింది.

నాలుగోనాడు డాక్టర్ ఫోన్ చేసింది. క్యాన్సర్ కణాలు లేవు. ఆరు వారాల తర్వాత మళ్లీ స్కాన్‌కు రావాలి. క్యాన్సర్ లేదన్న మాట జానకమ్మాళ్ రెండుసార్లు చెప్పించుకుని విన్నది.

దినకరన్ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీశాడు. చారులత బిడ్డను అతని ఒళ్లో పెట్టి అన్నం వడ్డించిన అరిటాకు ముందు కూర్చుంది.

"అత్తా, ఇంకొంచెం అన్నం పెట్టు. ఆకలి దంచేస్తా ఉండాది."