కమోడ్ ఎటు తిరగాలి

బట్టలుతికే గదిని బాత్రూం చేస్తున్నంతసేపూ మన్నూబియా గుమ్మంలో వేసుకున్న కుర్చీలోంచి కదల్లేదు. తుంటి విరిగిన దగ్గర్నుంచి కింది అంతస్తు బాత్రూముకు వెళ్ళాలంటే కోడలు రఫీకా రెక్క పట్టుకుని దించాల్సి వస్తోంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి అంతకన్నా సిగ్గేముంటుంది? తన గది పక్కనే, ఎవరి సాయమూ లేకుండా వెళ్ళి రావాలి. ఆవిడకున్న కోరిక అదొక్కటే.

అలాగని ఊరికే కూర్చునే రకం కాదు. ట్యూనిస్‌లో ఆవిడ వీధికొచ్చే పోస్టుమాన్ కూడా ఆ ప్రశ్నలకు జడిసి ఉత్తరం గుమ్మంలో పడేసి పారిపోతాడు.

"మిషను నీళ్ళు పోయే గొట్టం ఉందిగా, అది చాలదూ?"

"అది రెండు వేళ్ళంత లావు పెద్దమ్మా. కమోడ్‌కి పదకొండు సెంటీమీటర్లది కావాలి," అన్నాడు ప్లంబర్ బషీర్.

"మరి కంపు పైకెందుకు రాదు?"

"వంపులో నీళ్ళు నిలబడి అడ్డుకుంటాయి."

"ఆ నీళ్ళు ఎండిపోతే?"

"అప్పుడు నన్ను తిట్టుకుంటావు."

ఆవిడ సంబరంగా నవ్వింది. చిక్కంతా కమోడ్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే వచ్చింది. మురుగు గొట్టం వీధి గోడ వెనక దిగుతుంది, అక్కడ పెడితే పని తేలిక.

"అక్కడ కూర్చుంటే నా మొహం మక్కా వైపుంటుంది. ఎంత పాపం! పక్క గోడకి పెట్టు."

"పెడతా. కానీ గొట్టం నాలుగు మీటర్లవుతుంది. దానికి వాలు ఇవ్వాలి, పైన నేల ఎత్తాలి. గుమ్మంలో జానెడు మెట్టొస్తుంది."

"మెట్టంటే మళ్ళీ నేనే పట్టుకోవాలి అత్తా," అంది రఫీకా.

మన్నూబియా మొహం వాడిపోయింది. బషీర్‌కు జాలేసింది.

"మక్కా అటేనని ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"మా ఆయన. ఈ ఇంట్లో దిగిన రోజు పొద్దున సూర్యుడు పొడిచిన వైపు చూపించాడు. జూన్ నెల."

బషీర్ ఫోన్ తీసి దిక్కులు చూశాడు. ఇంకోసారి చూసి తల గోక్కున్నాడు.

"ఏంట్రా, నాన్చకుండా చెప్పు."

"జూన్‌లో సూర్యుడు బాగా ఉత్తరానికి జరిగి పొడుస్తాడు. మక్కా అటు కాదు, బాగా కుడికి. పక్క గోడకి పెడితేనే తప్పవుతుంది... ఏమో, ఫోన్లు ఒక్కోసారి తప్పు చూపిస్తాయిలే."

"డాబా మీదకెళ్ళి చూసిరా."

వెళ్ళొచ్చాడు. మళ్ళీ పంపింది. అదే మాట చెప్పాడు.

"మరి ఇన్నాళ్ళూ అటు తిరిగి చేసిన నా నమాజులు?"

"తెలియక చేసినదానికి అల్లా తప్పు పట్టడు అత్తా," అంది రఫీకా.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నలభై రెండేళ్ళు! కనబడ్డవాణ్ణల్లా ప్రశ్నలతో చంపాను. ఆయన్ని మాత్రం, నీకెలా తెలుసని ఒక్కసారీ అడగలేదు." ఆయన మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది.

కాసేపటికి ముక్కు చీది, "వీధి గోడకే పెట్టు బషీర్. మెట్టొద్దు," అంది.

మధ్యాహ్నం అజాన్ వినపడింది. రఫీకా నమాజు కుర్చీని కుడికి తిప్పి అత్తను కూర్చోబెట్టింది.

"ఇటేనా?"

"ఇటే అత్తా."

మన్నూబియా చేతులు ఎత్తబోయి ఆగింది.

"నీకెలా తెలుసు?"