ఏనుగుపిల్ల డబ్బాలో చీటీ

డబ్బా పోయిన రోజున అది పోయినట్టు ఆమెకు తెలియదు. ఆ రోజు లైబ్రరీకి కొత్త సరుకు వచ్చింది. ‘సరుకు’ అనేది బైండరు బాబాయి మాట. పుస్తకమైనా సినిమా అయినా, అట్ట వేసి చుక్క అంటించేదాకా ఆయనకి సరుకే.

మొత్తం పదకొండు పెట్టెలు. వెనక గదిలో, కిటికీ కింద పొడవాటి బల్ల మీద ఆమె ఒక్కొక్కటే విప్పింది. పసివాళ్లు నమిలినా చిరగని మందపాటి పుస్తకాలు, బడిపిల్లల కథలు, హత్యా నవలలు, చూపు తగ్గినవాళ్ల కోసం పెద్ద అక్షరాల్లో వేసినవి, వాటి అడుగున నలభై దాకా సినిమా డిస్కులు. బుడతలవాటికి ఆకుపచ్చ చుక్క, బడిపిల్లలవాటికి పసుపు, పెద్దలవాటికి నీలం. పన్నెండేళ్లుగా ఆ చుక్కలు అంటించేది ఆమే. ఒక్కటీ తప్పు పడలేదని లైబ్రరీ పెద్దసారు వచ్చిపోయేవాళ్లకి చెప్పుకుంటాడు.

చుక్క అంటించాక లోపల ఒక గీతల చీటీ పెట్టాలి. అది ఆ లైబ్రరీ అలవాటు. చదివినవాళ్లో చూసినవాళ్లో తమ తర్వాతివాళ్ల కోసం ఒక మాట రాసి పెడతారు. పేరు రాయకూడదు. ‘మూడో అధ్యాయం దాకా ఓపిక పట్టండి’ అని ఒకరు రాస్తే, ‘పట్టాను, దండగ’ అని దాని కిందే ఇంకొకరు రాస్తారు. రాయడానికి బద్ధకమైతే ఒక టిక్కు పెట్టి ఊరుకుంటారు.

బల్లకి కింది సొరుగు ఆమెది. అందులో ఏనుగుపిల్ల బొమ్మల సినిమా డబ్బా ఒకటి ఉండేది. డిస్కు ఎప్పుడో విరిగిపోతే, కొత్తది తెప్పించమని రాసి, ఖాళీ డబ్బా దాచింది. నాలుగు నెలల కిందట, చెల్లెలు చనిపోయిన వారానికి, అందులో వేరే డిస్కు పెట్టింది. ఇంట్లో పెట్టడానికి వీల్లేదు. పిచ్చుక చెయ్యి పడని మూల ఆ ఇంట్లో లేదు.

పిచ్చుక చెల్లెలి కూతురు. ఎనిమిదేళ్లది. తండ్రి ఎప్పుడో పోయాడని దానికి చెప్పి పెంచారు.

డిస్కులో ఉన్నది చెల్లెలే. ఆసుపత్రి మంచం మీద తలగడకి ఆనుకుని మాట్లాడింది. కెమెరా పట్టుకున్నది ఆమె.

“అక్కా, కెమెరా కాస్త తిన్నగా పట్టుకో. నేను బాగా పడాలి,” అంది చెల్లెలు నవ్వుతూ. తర్వాత కూతురితో మాట్లాడుతూ నవ్వలేదు. “మీ నాన్న పోలేదమ్మా. బతికే ఉన్నాడు. మనల్ని లోపల ఉంచి బయట గడియ పెట్టి వెళ్లిపోయేవాడు. ఒకసారి మూడు రోజులు రాలేదు. అప్పటికి నీకు రెండేళ్లు. మనమే వచ్చేశాం. నాన్న పంపాడని ఎవరు పిలిచినా వెళ్లకు.”

పదహారు నిండాక చూపించమని మాట తీసుకుంది. అంతకుముందు తెలిస్తే పిల్ల భయపడుతుంది. వేరేవాళ్లకి తెలిస్తే ఆ మాట ఆ మనిషి చెవిన పడుతుంది. ఊరు మార్చి, ఇంటిపేరు మార్చి, ఆరేళ్లు నెట్టుకొచ్చింది ఆ భయంతోనే.

కొత్త సరుకు వచ్చిన వారం పది రోజులకి పిచ్చుక మాట తగ్గింది. బడి నుంచి రాగానే వీధి తలుపు గడియ రెండుసార్లు లాగి చూసేది. వాళ్లమ్మ మీద బెంగ కాబోలు అనుకుంది ఆమె. తనకీ అదే బెంగ. అందుకని అడగలేదు.

ఒక ఆదివారం జడ వేయించుకుంటూ పిల్ల అడిగింది.

“పెద్దమ్మా, తలుపుకి బయట గడియ ఎందుకు పెడతారు?”

“లోపల ఎవరూ లేనప్పుడు పెడతారు.”

“ఉన్నప్పుడు?”

దువ్వెన ఆగింది. “తల కదపకే. పాయలు జారిపోతున్నాయి,” అంది ఆమె. జడ గట్టిగా అల్లి రిబ్బను కట్టింది. బళ్లో ఎవరో ఏదో చెప్పి ఉంటారని సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోకుండా ఉండాల్సింది.

ఆ తర్వాతి శుక్రవారం కత్తెర కోసం సొరుగు లాగింది. డబ్బా లేదు. సొరుగు మొత్తం బయటికి లాగి బల్ల మీద బోర్లించింది. చుక్కల చుట్టలు దొర్లాయి. డబ్బా లేదు.

“బాబాయ్, నా సొరుగు ఎవరైనా తీశారా?”

బైండరు బాబాయి జిగురు కుంచె పక్కన పెట్టాడు. “నేనే తీశానమ్మాయ్. ఆ రోజు నువ్వు పీకల్లోతు పనిలో ఉన్నావు కదా. ఆకుపచ్చ చుక్కలు అయిపోతే చూశాను. అదృష్టం, ఏనుగుపిల్ల డిస్కు వచ్చేసిందే! నువ్వేమో లోపల పెట్టి మర్చిపోయావు. చుక్కేసి, చీటీ పెట్టి, బయటికి పంపేశాను. నాకు నువ్వే ఒక టీ బాకీ.”

ఆమె ఖాళీ సొరుగు మళ్లీ తిప్పి చూసింది.

“ఏమ్మా, చుక్క తప్పేశానా? ఏనుగుపిల్ల బుడతలదేగా?”

“బుడతలదే బాబాయ్. ఇప్పుడెక్కడుంది?”

“పొద్దున వాపసు పెట్టెలో పడింది. అదిగో, బండి మీద.”

బండి మీద పై వరసలోనే ఉంది. తొండం ఎత్తి నవ్వుతున్న ఏనుగుపిల్ల. పిచ్చుక, వాళ్లమ్మ పక్కపక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఆ డిస్కు విరగ్గొట్టింది కూడా వాళ్లే. లైబ్రరీలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని సినిమా చూసే గదులు రెండున్నాయి. శనివారాలు తాను ఇక్కడ చుక్కలు అంటిస్తుంటే పిచ్చుక అక్కడే కూర్చుంటుంది. పెద్దదాన్నయ్యానని పసుపు బీరువా వదలని పిల్ల, ఆ బొమ్మ కనిపిస్తే మాత్రం చెయ్యి చాపకుండా ఉంటుందా?

డబ్బా తెరిచింది. లోపల డిస్కు లేదు. చీటీ ఉంది.

మొదటి మాట నీలం సిరాతో, పెద్దవాళ్ల చేతిరాతలో ఉంది. ‘ఇందులో ఏనుగు లేదు. ఈవిడ నాకు తెలుసు. మా పాత ఊళ్లో మా వీధిలోనే ఉండేది. పాప ఇప్పుడెక్కడుంది?’

దాని కింద పెన్సిలు రాత. ‘ల’ పక్కకి వాలిపోతుంది. ఆ వాలు సరిచేయాలని ఆమె రోజూ కాపీ రాయిస్తోంది. ‘ఆ పాపని నేనే. మా అమ్మ గురించి మీకు ఇంకా ఏం తెలుసు? శనివారం పొద్దున నేను ఇక్కడే పసుపు చుక్క బీరువా దగ్గర ఉంటాను.’

దాని కింద నల్ల సిరాతో ఒక టిక్కు. అంతే.

ఆమె కౌంటరు దగ్గరికి వెళ్లి కంప్యూటరులో డబ్బా నంబరు కొట్టించింది. ఇక్కడి గదిలో చూసినదీ కలిపి మూడుసార్లు చేతులు మారింది. ఎవరు తీసుకెళ్లారన్న చోట మూడు వరసలూ ఖాళీ. తిరిగి రాగానే పేరు చెరిగిపోతుంది. ఎవరు ఏం చదివారో ఎవరికీ తెలియకూడదని పెద్దసారు పెట్టిన నియమం అది. మంచి నియమమని మీటింగులో ముందుగా చెయ్యెత్తింది ఆమే.

పెద్దసారు గదిలోకి వెళ్లి, చెప్పగలిగినంత చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“చెరిగిపోయిన పేరు నేను మాత్రం ఎక్కడి నుంచి తేగలనమ్మా? నీలం సిరాతో రాసినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. ఊరికే అడిగి ఉంటారు.”

“మంచివాళ్లే అయి ఉంటారు సార్. ఎక్కడో నోరు జారి ఉంటారు. ఈ టిక్కు ఎవరిది? డిస్కు ఎందుకు ఉంచుకున్నారు?”

ఆయన ఫోను దగ్గరికి లాక్కున్నాడు. పోలీసులకి ఫోను చేస్తానన్నాడు. చేశాడు కూడా. అవతలి మనిషి చాలా ప్రశ్నలు అడిగాడు. ఒక టిక్కు మీద ఫిర్యాదు ఎలా రాసుకోవాలో తెలియక, సోమవారం వచ్చి కనిపించమన్నాడు.

ఆమె వెనక గదిలోకి వచ్చేసరికి బాబాయి కుంచె ఎండిపోయి ఉంది. ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. “నా చేతులతో నేనే పంపించానా అమ్మాయ్?” అన్నాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. సొరుగులో దాచింది తానే కదా. వేరే ఏ ఇంట్లోవాళ్లయినా అలాంటి డిస్కుని బీరువాలో చీర మడతల్లో పెట్టుకుంటారు. పన్నెండేళ్లు చుక్కలు అంటించిన చెయ్యి కనక సినిమా డబ్బాలో పెట్టింది.

నాలుగున్నరకి పిచ్చుక వచ్చింది. బండి మీద తెరిచి ఉన్న డబ్బా చూసింది. ఆమె చేతిలో చీటీ చూసింది. చూడనట్టు సంచి బల్ల మీద పెట్టింది.

“పెద్దమ్మా, రేపు పెందలాడే వద్దామా? తలుపులు తీసే టైముకి.”

“ఎందుకే అంత తొందర?”

“ఊరికే. కొత్త పుస్తకాలు ఎవరో పట్టుకుపోతారు.”

“పట్టుకుపోరులే.”

“నీకు తెలియదు,” అంది పిచ్చుక, పుస్తకం తెరుచుకుంటూ.

అద్దం తలుపు అవతల జనం వస్తున్నారు, పోతున్నారు. చేతుల్లో పుస్తకాలున్నాయి, డబ్బాలున్నాయి. ఆమె ఒక్కొక్క ముఖమే చూసింది. ఆరేళ్ల కిందట ఫొటోలో చూసిన పిచ్చుక తండ్రి ముఖం ఇప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు.

డిస్కు దొరకలేదు. ఆ టిక్కు ఎవరిదో తేలలేదు. రేపు ఇక్కడికి రావడం లేదని పిచ్చుకకి ఆమె ఇంకా చెప్పలేదు.