పెత్రమాస ముద్ద

మొదట్లో దశరథం చేతిలో ఉన్నవి ఇవి: కోరుట్ల బజారులో బట్టల దుకాణం, బహ్రెయిన్‌లో బిడ్డా అల్లుడూ, ఇంట్లో అయిదేళ్ల మనవడు భూమేష్. కొడుకు లారీ కింద పడి పోయాక కోడలు రాజలక్ష్మిని ఆయన ఈ లెక్కలో కలపలేదు. సిరిసిల్లలో మగ్గాలు నడిపే తన అన్న దగ్గరికి ఆమె పోతానంటే అడ్డు చెప్పలేదు.

"పో బిడ్డా. పిలగాణ్ణి మాత్రం అడగకు. దుకాణం వానిది."

"దుకాణం మీరే ఉంచుకోండ్రి మామా. పిలగాడు నావోడు."

ఆమె జగిత్యాల కోర్టుకెక్కింది. సెలవు మీద వచ్చిన అల్లుడు తిరిగి పోతుంటే, దశరథం మనవణ్ణి కూడా వెంట బహ్రెయిన్ పంపేందుకు బొంబాయి బస్సెక్కించాలనుకున్నాడు. సముద్రం దాటిన సరుకును ఏ జడ్జి జప్తు చేస్తాడన్నది ఆయన ధీమా.

ఒక్కటే చిక్కు. పిల్లవాడు అమ్మ కావాలని ఒకటే ఏడుపు. ఆ వారమే పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేరున మిద్దె మీద అన్నం పెట్టి కాకుల్ని పిలిచే రోజు. కొడుకు పేరున ఒక ముద్ద పెట్టి, రెండోది మనవడి చేతికిచ్చాడు దశరథం.

"గిది అమ్మకు. పెట్టు."

"అమ్మ సిరిసిల్లల ఉంది గద తాతా?"

"లేదు. నాయిన దగ్గరికి పోయింది."

భార్య గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగిపోయింది. కాకి వచ్చి ముద్ద ముట్టింది. పిల్లవాడు మళ్లీ అమ్మ ఊసెత్తలేదు. పని సులువుగా తెమిలిందనుకున్నాడు దశరథం. మర్నాడే బస్సెక్కించాడు.

కోర్టులో ఆయన వకీలు అన్నల పేరెత్తాడు. నక్సలైట్ల భయానికి, పిల్లవాడి రక్షణ కోసమే బయటి దేశం పంపామన్నాడు. ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురులేదు. జడ్జి మాత్రం కళ్లద్దాలు తీసి దశరథాన్ని చూశాడు.

"దుకాణం రోజూ తెరుస్తున్నారా?"

"తెరుస్తున్న సార్."

"రాత్రి పడక?"

"ఇంట్లనే."

"మీకు లేని భయం అయిదేళ్ల పిల్లవాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వెనక బెంచీల్లో నవ్వారు. జడ్జి నవ్వలేదు.

"పిల్లవాడు దేశం దాటాడు. పంపినవాడు నా ముందే ఉన్నాడు. నా ఉత్తర్వు మీ మీద. నెలలోపల తెప్పించి తల్లికి అప్పగించండి. లేకపోతే జైలుకు పోతారు."

గుమ్మం దగ్గర రాజలక్ష్మి అన్న రాజం ఎదురయ్యాడు. "ఏం సేటూ, పంపిన సరుకు వాపస్ అస్తుందా?"

వాపస్ వచ్చింది. కొత్త బూట్లతో భూమేష్ కోర్టు హాల్లో అడుగుపెట్టాడు. తల్లిని చూడగానే కెవ్వుమని తాత ధోవతి వెనక దాక్కున్నాడు.

"ఆమె ఎవరు బాబూ?" అన్నాడు జడ్జి.

"అమ్మ. సచ్చిపోయింది."

రాజలక్ష్మి మెల్లగా వచ్చి ఎదురుగా గొంతుక్కూచుంది. పిల్లవాడు ధోవతి పక్కకు జరిపి తొంగిచూశాడు.

"నేను మిద్దె మీద పెట్టిన అన్నం అందిందా నీకు?"

ఆమెకు మొదట తెలియలేదు. తలెత్తి మామ ముఖం చూసింది. అప్పుడు తెలిసింది.

"అందింది కొడుకా. కడుపునిండ తిన్న. గందుకే అచ్చిన."

ధోవతి మీద పిల్లవాడి పట్టు వదులైంది. ఆమె తిడుతుందని దశరథం తల వంచుకుని కాచుకున్నాడు. తిట్టినా కొంత చెల్లయ్యేది. ఆమె బిడ్డను ఎత్తుకుని పోయింది.

ఆదివారాలు పోయి మనవణ్ణి చూసుకోవచ్చన్నాడు జడ్జి. రెండుసార్లు వేములవాడ దాకా పోయి, సిరిసిల్ల బస్సెక్కలేక తిరిగొచ్చాడు దశరథం. మూడోసారి పోయాడు. రాజలక్ష్మి పీట వేసి, కంచంలో అన్నం పెట్టింది.

"తినండ్రి మామా."

చివరికి ఆయనకు మిగిలినవి ఇవి: ఎవరి కోసమో తెలియని దుకాణం, మనవణ్ణి చూసే ఆదివారాలు, చచ్చిందని తాను చెప్పిన మనిషి చేత్తో పెట్టిన ఆ అన్నం. ముద్ద కలిపాడు. నోటిదాకా రాలేదు.