ఎవరూ లేని నేల

ఆ చూడి జింక మంచును తవ్వడం లేదు, కొడుతోంది. ముంగాలి గిట్ట చీలి నెత్తురు కారుతున్నా కొడుతూనే ఉంది. జానెడు లోతులో నాచు ఉంది. వాసన తెలుస్తోంది, నోటికి అందడం లేదు. మధ్యన గట్టి మంచు పెంకు. మధ్యాహ్నానికి అది మోకాళ్ళ మీద పడింది, మళ్ళీ లేవలేదు.

ఆ పెంకు వేసింది దేవుడు కాదు, నేను. పరిశోధన స్టేషన్ ట్రాక్టరెక్కి రెండు వారాలు ఆ మైదానమంతా నల్లపొడి చల్లింది ఈ చేతులే. నలుపు ఎండను పీల్చుకుంటుంది, మంచు కరుగుతుంది, గడ్డకట్టిన నేల మెత్తబడి గడ్డి మొలుస్తుంది. ఇక్కడ మొలిస్తే రేపు ఇంకో గ్రహం మీదా మొలిపించవచ్చు. ఇదీ స్టేషన్‌వాళ్ళ పరీక్ష. మంచు కరిగిన మాట నిజమే. మర్నాడు చలి తిరిగొచ్చి ఆ నీళ్ళన్నిటినీ రాయిలా బిగించింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది నది అవతలి యారాసేదా వాలు. మా జింకలన్నీ ఈనేది అక్కడే. ఎల్లుండి అక్కడా చల్లమని నాకు ఆర్డరు. చల్లితే ఈ ఏడు ఒక్క దూడా బతకదు. మంద పోతే మేమూ పోయినట్టే.

మా హద్నే అత్త గుడారంలో అందరూ చేరారు.

"ట్రాక్టర్ల పైపులు కోసేద్దాం," అన్నాడు లామ్డో. వాడికి పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. "ముందు ఈ ఎయ్‌కోగాడి ట్రాక్టరే కోద్దాం," అని నన్ను చూపించాడు.

"నువ్వు జైలుకెళ్తే మందనెవడు కాస్తాడ్రా, మీ తాతా? ఇంకో అర్జీ పెడదాం," అన్నాడు ముసలి పాపాకో.

"మూడు పెట్టాం మామా! వాళ్ళ పొయ్యి రాజేసుకోడానికి పనికొచ్చాయి."

పొడి చల్లడానికి స్టేషన్‌వాళ్ళకు సర్కారిచ్చిన అనుమతి కాగితం ఆఫీసు నుంచి తెచ్చాను, అది తీసి చదివాను. "ఈ ప్రాంతంలో నివాసులు ఎవరూ లేరు." కింద ఫోటో ఉంది. హద్నే అత్త గుడారమే, తలుపుకు కర్ర ఆనించి ఉంది. మాలో అలా ఆనిస్తే ఇంటివాళ్ళు పనిమీద వెళ్ళారని, వచ్చేదాకా లోపలికి అడుగు పెట్టకూడదని అర్థం. దొంగ కూడా పెట్టడు. ఫోటో కింద "వదిలేసిన గుడారం" అని రాశారు.

"ఆ రోజు నేను వల దగ్గరున్నా," అంది అత్త. "దూరం నుంచి చూశా. స్టేషన్‌వాళ్ళు చుట్టూ తిరిగి, కర్ర చూసి, లోపలికెళ్ళకుండా పోయారు. ఎంత మర్యాదస్తులో అనుకున్నా. నలుగురికీ చెప్పుకుని మురిసిపోయా కూడానూ!"

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు.

"ఒరేయ్, మనుషులు లేరనేగా పర్మిషనిచ్చింది?"

"అంతే అత్తా."

"అయితే ఉందాం."

గుడారం వేయడం మాలో ఆడవాళ్ళ పని. మూడో రోజు మేం ట్రాక్టర్లతో నది దాటేసరికి యారాసేదా మీద ముప్పైరెండు గుడారాలు లేచి ఉన్నాయి, అన్నిట్లోంచీ పొగ వస్తోంది. స్టేషన్ పెద్ద అర్కాదీ ల్వోవిచ్ నా ట్రాక్టరు మీంచి కిందికి దూకాడు.

"ఇది నిషిద్ధ ప్రాంతం! ఖాళీ చెయ్యండి!"

"ఎవరూ లేరని రాశావుగా నాయనా," అంది అత్త. "మరెవరి మీద అరుస్తున్నావు?"

"ఎయ్‌కో, నడుపు!"

ఆ చలిలో ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదు. అందుకే ఏ డ్రైవరూ ఆపడు. నేను ఆపేశాను. నా వెనకాల రెండో ఇంజనూ ఆగింది.

గంట తర్వాత హెలికాప్టరులో పోలీసులు దిగారు. అధికారి అత్తను పట్టుకుని అరెస్టు ఫారం తీశాడు. పెన్నులో సిరా గడ్డకడితే నోట్లో పెట్టుకుని వెచ్చజేశాడు. పేరు రాసి, "నివాసం?" అన్నాడు.

"యారాసేదా."

"అక్కడ ఇళ్ళు లేవమ్మా. జిల్లా కేంద్రం అని రాస్తా."

"జిల్లా కేంద్రంలో ఉంటే ఇక్కడెలా దొరికానయ్యా? ఇక్కడ ఉన్నాననేగా పట్టుకున్నావు?"

"రాయకు!" అని అరిచాడు అర్కాదీ ల్వోవిచ్. అందరికన్నా ముందు అతనికే అర్థమైంది. ఆ అరుపుతో మాకూ అర్థమైంది.

"రాయి! రాయి!" ఆడవాళ్ళు చుట్టుముట్టారు. ఫారం నింపకుండా మనిషిని తీసుకెళ్ళడానికి లేదు. అధికారి రాశాడు. మేం ఇక్కడ ఉన్నామని సర్కారు రాసిన మొదటి కాగితం అదే.

అప్పుడు పాపాకో మామ, అర్జీ తప్ప ఇంకేం తెలియని మనిషి, ముందుకొచ్చాడు. "నన్నూ పట్టుకో బాబూ. నాదీ యారాసేదాయే."

అతని వెనక లైను కట్టారు. నాలుగోవాణ్ని నేను.

మిగతావాళ్ళం తిరిగొచ్చాం గానీ, హద్నే అత్త జైలు నుంచి ఇంకా రాలేదు. కానీ ఆ వాలు మీద పొడి పడలేదు. చదువుకునే పిల్లలూ, నాలాగా కూలికి బండి తోలే అన్నలూ, ఇది గుర్తుంచుకోండి.

ఆ రోజు లైన్లో పదకొండో మనిషి దగ్గర అధికారి చేతులెత్తేశాడు. "ఇక ఫారాలు లేవు. వెళ్ళిపోండి."

"పోయి తెచ్చుకో సారూ," అన్నాడు లైన్లోంచి లామ్డో. "మేం ఇక్కడే ఉంటాం."