నిమ్మకాయంత చింతపండు, నూటయాభై ఏళ్ల రైఫిల్

పాత తుపాకుల డీలర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చేసరికి నేను ఆఫీస్ బ్రేక్‌రూమ్‌లో నిలబడి పులిహోర తింటున్నాను. తినడం కన్నా, "మా ఆవిడ పెట్టింది" అని అడగనివాళ్లకి కూడా చెప్పడం మీదే నా ధ్యాస ఎక్కువగా ఉంది. పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు. "మా ఆవిడ" అన్న మాట నోట్లో వేసుకున్న ప్రతిసారీ కొత్త బెల్లంముక్కలా ఉంటోంది. ప్రింటర్ బాగుచేయడానికి వచ్చినతనితో కూడా ఒకసారి అనేశాను.

ఈమెయిల్ చిన్నదే. మీరు పంపిన ఫోటోలు చూశాను, రైఫిల్ అసలైనదే, చేతిలోకి తీసుకుని చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను, ఐదు వేల డాలర్లకి అటూఇటూగా పలకొచ్చు, శనివారం షాపుకి తీసుకురండి అని రాశాడు. చివర్లో ఇంకో వాక్యం: దానికి ఏమీ చేయకండి, ఎలా ఉన్నది అలాగే తీసుకురండి.

ఐదు వేలు. డబ్బా మూత పెట్టడం కూడా మరిచిపోయి కారిడార్‌లోకి వెళ్లి శ్రుతికి ఫోన్ చేశాను. అంకె విని ఒకటే మాట అంది. "హవాయి."

హవాయి అంటే ఆమెకి బీచ్ కాదు, లావా. విశాఖపట్నంలో జియాలజీ చదివి, ఇక్కడ ఎమ్మెస్ చేసి, ఇప్పుడు మూతపడిన గ్యాస్‌స్టేషన్ల కింద మట్టి ఎంత పాడైందో పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. ఒక్కసారైనా మరుగుతున్న రాయిని కళ్లారా చూడాలని కాలేజీ రోజుల నుంచీ ఆమె కోరిక. పెళ్లిచూపుల జూమ్ కాల్‌లో, మీకేం ఇష్టం అని అడిగితే "అగ్నిపర్వతాలు" అంది. నేను "నాకూ" అన్నాను. అప్పటిదాకా నేను చూసిన నిప్పు గ్యాస్ స్టవ్ మీదిదే.

అసలు మా హనీమూన్ ఇంకా జరగలేదు. జరిగిందని మా అమ్మ అంటుంది. పెళ్లయిన మూడో రోజున అరకు వెళ్లాం, నిజమే. కానీ మాతోపాటు ఇరువైపుల పిన్నులూ బాబాయిలూ వాళ్ల పిల్లలూ వచ్చారు. మా హనీమూన్‌కి ఒక టెంపో ట్రావెలర్ పట్టింది. బొర్రా గుహల్లో శ్రుతి సున్నపురాయి గురించి నాకు ప్రేమగా చెబుతుంటే, మా ఇద్దరి మధ్యా నిలబడి మా మేనమామ శ్రద్ధగా విన్నాడు. పెళ్లి ఖర్చులు పోగా మా ఖాతాలో మిగిలినదానితో హవాయికి కాదు గదా, డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌కి కూడా ఆలోచించాలి. ఈ రైఫిల్ అమ్ముడైతే డిసెంబర్‌లో లావా. లేకపోతే రెండేళ్ల తర్వాత చూద్దాం అనుకున్నాం.

రైఫిల్ మాకెలా వచ్చిందో చెప్పాలి. డాక్టర్ దక్షిణామూర్తి అంకుల్ మా నాన్నకి పెద్దన్నలాంటివారు. మిషిగన్ ఉత్తరాన సరస్సు ఒడ్డు ఊళ్లో ముప్పైఅయిదేళ్లు వైద్యం చేసి, రిటైరై డెట్రాయిట్ దగ్గర నోవైకి వచ్చారు. ఆ ఊళ్లో పిల్లాజెల్లా లేని ఒక ముసలి వేటగాడు, ఇక కళ్లు కనబడక జింకల వేట మానేసిన రోజున, తన తాతనాటి రైఫిల్ తెచ్చి అంకుల్ చేతిలో పెట్టాడట. దోమని కూడా కిటికీ తెరిచి బయటికి పంపే మనిషి అంకుల్. కాదంటే ఆ ముసలాయన బాధపడతాడని పుచ్చుకుని, తూటాలు లేవని ఖాయం చేయించి, బేస్‌మెంట్ గోడకి తగిలించారు. ఇప్పుడు ఆ బేస్‌మెంట్‌ని హైమ ఆంటీ పూజగది చేయదలిచారు. దేవుడెదురుగా తుపాకీ వద్దన్నారు. మా రిసెప్షన్‌లో అంకుల్ నన్ను పక్కకి పిలిచి, "అమ్ముకో, ఎంతొస్తే అంత. అదే నా పెళ్లి కానుక" అన్నారు.

ధర అంచనా కట్టే పని నేనే మీద వేసుకున్నాను. అందుకు నాకు అర్హత ఉందనుకున్నాను కూడా. ట్రాయ్‌లో కార్లు లీజుకిచ్చే కంపెనీలో నా ఉద్యోగమే అది. కొత్త కారు మూడేళ్ల తర్వాత ఎంతకి అమ్ముడవుతుందో ముందే చెప్పాలి. వస్తువులు పాతబడటమే నా వృత్తి. తుపాకీ అయినా కారయినా ఇనుమూ కర్రా తోలే కదా అనుకుని షీట్ తెరిచాను. ట్రిగ్గర్ కింద ఉండే ఇనప లూప్‌ని కిందికి లాగి పైకి నొక్కితే తర్వాతి తూటా లోపలికి చేరే రకాన్ని లీవర్ రైఫిల్ అంటారు. అలాంటివి వేలంలో ఎంతకి పోయాయో ఎక్కించాను. తయారైన ఏడాదికి ఒక కాలమ్, గొట్టం పొడవుకి ఒకటి, లీవర్ బిగువుకి ఒకటి. ట్రిగ్గర్ పైన పెట్టెలాంటి భాగం ఇత్తడిది. అది వాడకం మీద నల్లగా, గోధుమరంగుగా మారిపోయి ఉంది. కార్ల అలవాటుకొద్దీ దాన్ని "మురికి" అనే కాలమ్‌లో వేసి, మార్కులు తగ్గించాను. నా షీట్ మూడు వేల రెండొందలు చెప్పింది.

డీలర్ ఐదు వేలన్నాడు. ఇక్కడ తెలివైనవాడు ఆగి ఆలోచిస్తాడు. నేను కూడా ఆలోచించాను, తప్పుదారిలో. నల్లబడిన ఇత్తడికే ఐదు వేలిస్తే, తళతళలాడే ఇత్తడికి ఏడు వేలివ్వడా? ఏడు వేలకి హెలికాప్టర్‌లో లావా పైనుంచి తిప్పుతారట.

మరి ఏమీ చేయకండి అన్నాడు కదా? తెలుగింట్లో పెరిగినవాడు ఆ వాక్యాన్ని ఎలా చదువుతాడో మీకు తెలుసు. "గిఫ్టులేమీ వద్దు, మీరొస్తే చాలు" అని కార్డు మీద వేస్తారు. ఉత్తి చేతులతో వెళ్లినవాణ్ణి ఏడాదిపాటు తలుచుకుంటారు. "చాలండీ, ఇంక వద్దు" అన్నవాళ్లకే రెండో గరిటె వేస్తాం. డీలర్ పెద్దమనిషి, మాకు శ్రమ ఎందుకని మొహమాటపడ్డాడు, అంతే అనుకున్నాను. మొహమాటపడేవాళ్ల మాట వినడం మన ఇంటావంటా లేదు.

పైగా తోమడం నాకు చేతనైన ఒకే ఒక్క ఇంటిపని. కాపురం పెట్టిన మొదటి వారంలో శ్రుతి పుట్టింటివారిచ్చిన కుందుల్ని చింతపండుతో తోమి పెడితే, ఆమె వాటిలో తన ముఖం చూసుకుని నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను అపార్ట్‌మెంట్‌లో తలుపు గొళ్లేలు కూడా తోమేశాను. అవి ఇత్తడివి కావు.

శనివారం పొద్దున్నే అంకుల్ వాళ్లింటికి వెళ్లాం. అంకుల్ గుడి కమిటీ మీటింగ్‌కి వెళ్లారు. శ్రుతి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, రెండు చేతులూ జాకెట్ జేబుల్లో పెట్టుకుంది. తన గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఇంకా లాయర్ దగ్గర ఉండగా తుపాకీని ముట్టుకునేది లేదని ముందే చెప్పింది. కాబట్టి ఆ రోజు జరిగినదంతా నా రెండు చేతుల పుణ్యమే.

నేను చింతపండు అడగ్గానే హైమ ఆంటీ ఎందుకని కూడా అడగలేదు. నిమ్మకాయంత ముద్ద గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గుప్పెడు ఉప్పూ, ఆకుపచ్చ స్క్రబ్బరూ తెచ్చి ముందు పెట్టారు. శ్రుతి మాత్రం మెట్ల మీంచి అడిగింది.

"డీలర్ ఏమీ చేయొద్దన్నాడు కదా?"

"అది మర్యాదకి అనే మాట."

"అవునమ్మా," అన్నారు ఆంటీ. "వీళ్లు అలాగే అంటారు. మొన్న పక్కింటావిడ కూడా ఏమీ తేవద్దంది. గారెలు పట్టుకెళ్తే ఒక్కటి మిగల్చలేదు."

ఇక ఎదురులేదు. నేను తోమాను. నల్లటి నీళ్లు బకెట్‌లోకి కారుతుంటే, ఒక్కో చుక్కకీ హవాయి ఒక మైలు దగ్గరైనట్టు అనిపించింది. అరగంటలో ఆ పెట్టె పెళ్లికి కొన్న బిందెలా మెరిసింది. కర్రకి కొబ్బరినూనె పట్టించాను. బేస్‌మెంట్ అంతా అప్పుడే తలంటుకున్న పిల్లల వాసన. ఆంటీ ముచ్చటపడి, ఇల్లు విడిచి వెళ్లే వస్తువు కదా అని ఒక కుంకుమ బొట్టు పెట్టి, వచ్చే శ్రావణానికి వెండిసామాను కూడా నువ్వే తోమాలి నాయనా అన్నారు. నేను మెట్ల వైపు చూశాను. శ్రుతి నవ్వింది. నాకు కావలసింది అదే కాబట్టి, ఆ నవ్వులో ఉన్న చిన్న అనుమానాన్ని పట్టించుకోలేదు.

డీలర్ షాపు మా ఇంటికి గంట దూరం. మెడలో వెండి బకిల్ ఉన్న తాడు టై, గోడ నిండా తను గెలిచిన వేలాల ఫోటోలు; మాట్లాడటం మొదలుపెడితే ఆగని మనిషి. మేం లోపలికి వెళ్లేసరికి ఎవరితోనో తన గొప్పలే చెప్పుకుంటున్నాడు. నేను రైఫిల్‌కి చుట్టిన దుప్పటి విప్పాను. దీపం కింద ఇత్తడి భగ్గుమంది. ఆ మనిషి మాట్లాడటం ఆపేశాడు.

కళ్లజోడు పెట్టుకున్నాడు. తీసేశాడు. బొట్టు మిగిలిన చోట వేలితో తాకి చూశాడు. చివరికి, దేంతో చేశావని అడిగాడు. ఒక పండుతో అన్నాను. "పండు," అన్నాడు అతను, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు.

తర్వాత అతను చెప్పింది క్లుప్తంగా ఇది. ఇత్తడిని ఎవరైనా ఏ రోజైనా మెరిపించవచ్చు. ఆ గోధుమరంగు మాత్రం నూటయాభై ఏళ్ల చేతుల చెమట, పొగ, మంచు కలిస్తే గానీ రాదు. కొనేవాళ్లు డబ్బిచ్చేది దానికే. దాన్ని నేను బకెట్‌లో పోసి వచ్చాను. స్క్రబ్బర్ గీతలు కూడా భూతద్దంలో చూపించాడు, ఒక్కొక్కటిగా, తొందరేమీ లేకుండా. ఇప్పుడు పద్ధెనిమిది వందలు ఇవ్వగలనన్నాడు.

నా షీట్‌లో అన్ని అంకెలూ సరైనవే. ఆ ఒక్క "మురికి" కాలమ్ ముందు ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పెట్టాను. మా కంపెనీలో ఏ కారూ మూడేళ్లలో పోగొట్టుకోనంత శాతం విలువని నేను అరగంటలో, అదీ ఉత్సాహంగా, పోగొట్టాను. సోమవారం నా కుర్చీలో నేను ఏ ముఖంతో కూర్చుంటాననే ఆలోచన వచ్చింది. అంతకంటే ముందు, పక్కనున్న మనిషి ముఖం ఎలా చూడాలన్నది వచ్చింది.

శ్రుతి ఆ ఇత్తడి వైపే చూస్తోంది. మెల్లగా అంది: "నాకైనా తట్టాల్సింది. రాయి మీద ఏళ్లతరబడి పట్టిన పొరని చూసే కదా మేం దాని కథ చెప్తాం. ఎవరైనా శాంపిల్‌ని తోమి తెస్తే వాణ్ణి ల్యాబ్‌లోంచి బయటికి పంపేదాన్ని." ఆగి, "అమ్మేయ్," అంది.

అమ్మేశాను. పార్కింగ్‌లో కార్ ఎక్కాక అంకుల్‌కి ఫోన్ చేశాను. దాచేంత తెలివి ఉంటే అసలు ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు. స్పీకర్‌లో అంతా విని ఆయన చాలాసేపు దగ్గారు. అది దగ్గు కాదు, నవ్వని తర్వాత తెలిసింది.

"నా సర్వీసులో ఎందరికి చెప్పానో నాయనా, దానికి ఏమీ చేయకు, అదే మానుతుంది అని," అన్నారు. "తెలుగువాళ్లలో ఒక్కరూ ఏమీ చేయకుండా ఉండలేదు. పసుపన్నా రాసుకొచ్చేవాళ్లు. ఆ పద్ధెనిమిది వందలూ మీవే. నాకు గోడ ఖాళీ అయింది, మీ ఆంటీకి గది వచ్చింది. ఉంటాను."

ఫోన్ పెట్టేశాక చూస్తే, శ్రుతి తన ఫోన్‌లో ఏదో వెతుకుతోంది. నేను మనసులో విడాకుల లాయర్ ఫీజులు అంచనా వేయడం మొదలుపెట్టాను. అలాంటివాటిలో కూడా నా అంచనా తప్పవచ్చని గుర్తొచ్చి కాస్త ధైర్యం తెచ్చుకున్నాను. క్షమించమని అడిగాను. రెండోసారి అడిగినప్పుడు తలెత్తి చూసింది.

"నీకు నిజంగా అగ్నిపర్వతాలంటే ఇష్టమా? జూమ్ కాల్‌లో అన్నావు."

"నువ్వంటే ఇష్టం," అన్నాను. "అగ్నిపర్వతాల గురించి ఇంకా చదువుతున్నాను."

అప్పుడు నవ్వింది. కుందుల్లో చూసిన నవ్వు కాదు. అది ఇత్తడి మెరుపు చూసి సంతోషించిన నవ్వు. ఇది నన్ను చూసి, నా తెలివితక్కువతనం మొత్తం లెక్కలోకి తీసుకుని, అయినా సరేనని నవ్విన నవ్వు. నాకు దీని ముందు అది దిగదుడుపే అనిపించింది. ఫోన్ నా వైపు తిప్పింది. మిషిగన్ మ్యాప్. పైకి, ఇంకా పైకి, సుపీరియర్ సరస్సులోకి వేలిలా పొడుచుకొచ్చిన కీవెనా అనే నేల.

"ఇదంతా లావానే," అంది. "పొరల మీద పొరలు. చల్లారి నూట పది కోట్ల ఏళ్లయింది. మనం ఇదే రాష్ట్రంలో ఉంటూ హవాయి హవాయి అని ఏడుస్తున్నాం. వేడిది ఎప్పుడో చూద్దాం. ఎక్కడికీ పోదు."

నేను ఇంజిన్ స్టార్ట్ చేస్తూ, ఎన్ని గంటల డ్రైవ్ అని అడిగాను. తొమ్మిదో పదో అంది. సోమ, మంగళవారాలకి సెలవు పెట్టమంది. పెట్టేశాను, అక్కడే, పార్కింగ్‌లోనే. నా బాసుకి కారణంగా "హనీమూన్" అని రాసి, ఆ మాటని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఈలోగా ఆమె అక్కడ హోటన్ అనే ఊళ్లో సరస్సు కనబడే గది బుక్ చేసింది.

"రేపు పొద్దున ఐదింటికల్లా కార్‌లో ఉండాలి," అంది సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ. "సగందాకా నువ్వు డ్రైవ్ చేయి, దారిలో జలసంధి మీది వంతెన దాటాక నేను. చీకటి పడేలోపు నిన్ను లావా మీద నిలబెడతాను."